బ్లాక్‌లిస్టుకెక్కిన సినీ రచయిత జీవితంపై బెజవాడలో ఒక సాయంకాలం నడపడం ఎలా

విజయవాడలోనూ గుంటూరులోనూ నెలకొకసారి కలుసుకుని ఒక పుస్తకం గురించో ఒక రచయిత గురించో మాట్లాడుకునే చిన్న బృందాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి బృందంలో, రాజకీయ విశ్వాసాల కారణంగా పని పోగొట్టుకున్న ఒక సినీ రచయిత జీవితం గురించి రెండు గంటల కార్యక్రమం జరపదలచుకున్నవారికి ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందుకు నేను ఎంచుకున్నది అమెరికన్ రచయిత డాల్టన్ ట్రంబో (1905–1976) జీవితం. ఆయన రాసిన ‘రోమన్ హాలిడే’, ‘స్పార్టకస్’ చిత్రాలు మన పాత తరం ప్రేక్షకులకు బాగా తెలుసు. ఆయన విచారణకు సంబంధించిన రికార్డులు ఎవరైనా చదువుకోవడానికి అందుబాటులో ఉన్నాయి. ఆయన జీవితంలో మనం మెచ్చుకునే విషయాలతో పాటు మనల్ని ఇబ్బంది పెట్టే విషయాలు కూడా ఉన్నాయి. ఈ మూడో కారణమే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది.

ముందుగా వక్త ఒక నిర్ణయం తీసుకోవాలి. ఈ అంశంపై జరిగే ప్రసంగాల్లో చాలావరకు ఒక వీరుడి కథతో మొదలై చప్పట్లతో ముగుస్తాయి. ఆయన చేతిలోని పనిని ఎవరు లాక్కున్నారు, ఏ తేదీన, ఏ కాగితం రాసి, ఎవరి డబ్బు పోతుందన్న భయంతో లాక్కున్నారు అన్నది మాత్రం శ్రోతలకు తెలియకుండానే మిగిలిపోతుంది. ట్రంబో జైలుకు వెళ్లడం ఒక సంగతి, ఆయనకు పని దొరక్కపోవడం మరొక సంగతి. మొదటిది ప్రభుత్వం చేసింది, రెండోది ఆయనకు జీతమిచ్చే యజమానులు చేశారు. ఈ తేడాను సభలో ఉన్న ప్రతి ఒక్కరూ స్పష్టంగా గ్రహించేలా చెప్పగలిగితే కార్యక్రమం సఫలమైనట్టే. మిగతా ఏర్పాట్లన్నీ ఆ లక్ష్యానికి అనుగుణంగా ఉండాలి.

కాలక్రమాన్ని రెండు వరుసల్లో రాయండి

పెద్ద చార్టు కాగితం తీసుకుని నిలువుగా గీత గీసి, ఎడమ వైపు ప్రభుత్వం చేసిన పనులు, కుడి వైపు పరిశ్రమ చేసిన పనులు రాయాలి. 1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఒక కమిటీ హాలీవుడ్‌లోని కమ్యూనిస్టుల గురించి వాషింగ్టన్‌లో బహిరంగ విచారణ జరిపింది. పార్టీ సభ్యత్వం గురించి అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడానికి పదిమంది నిరాకరించారు. వారిలో ట్రంబోతో పాటు జాన్ హోవర్డ్ లాసన్, రింగ్ లార్డ్‌నర్ జూనియర్, ఆల్బర్ట్ మాల్ట్జ్ వంటి రచయితలు, ఎడ్వర్డ్ డిమిట్రిక్ వంటి దర్శకులు ఉన్నారు. నవంబరు 24న ప్రతినిధుల సభ వారిపై ధిక్కార నేరం మోపింది. ఇవన్నీ ఎడమ వరుసలోకి వస్తాయి.

అదే నవంబరు చివరి వారంలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో స్టూడియోల అధిపతులు సమావేశమై ఒక ప్రకటన తయారు చేశారు. ఆ పదిమందిలో తమ దగ్గర పనిచేస్తున్నవారిని జీతం లేకుండా తొలగిస్తామనీ, ధిక్కార నేరం నుంచి బయటపడి తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణపూర్వకంగా చెప్పేదాకా తిరిగి తీసుకోబోమనీ, తెలిసి తెలిసి ఏ కమ్యూనిస్టుకూ ఉద్యోగం ఇవ్వబోమనీ అందులో ఉంది. అమాయకులకు హాని జరిగే ప్రమాదం ఉందని కూడా ఆ ప్రకటనలోనే ఒప్పుకున్నారు. ఇది కుడి వరుసలో పెద్ద అక్షరాలతో ఉండాలి. అప్పటికి న్యాయస్థానం ఎవరికీ శిక్ష వేయలేదు. సుప్రీంకోర్టు వారి అప్పీళ్లను విచారణకు స్వీకరించకుండా తోసిపుచ్చింది 1950లో. ట్రంబో జైలుకు వెళ్లింది ఆ ఏడాది జూన్‌లో. అంటే శిక్ష అమలు కావడానికి రెండున్నరేళ్ల ముందే పని పోయింది. చార్టు మీద రెండు తేదీలనూ ఎర్ర సిరాతో చుట్టి చూపిస్తే ఇక వివరణ అక్కర్లేదు.

హాలీవుడ్ ఉన్నది పడమటి తీరంలో కదా, సమావేశం న్యూయార్క్‌లో ఎందుకు జరిగిందని ఎవరైనా అడగవచ్చు. అడగకపోతే మీరే అడగండి, ఎందుకంటే దీన్ని బెజవాడ శ్రోతలు అర్థం చేసుకున్నంత తేలిగ్గా మరెవరూ అర్థం చేసుకోలేరు. తెలుగు సినిమాల చిత్రీకరణ మద్రాసులో జరిగిన రోజుల్లో కూడా డబ్బు చాలావరకు బెజవాడ గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ల అడ్వాన్సుల రూపంలో వచ్చేది. కథ ఎలా ఉండాలి, హీరో ఎవరైతే బాగుంటుంది అన్న విషయాల్లో వారి మాటకు విలువ ఉండేది. హాలీవుడ్ స్టూడియోలకు కూడా చిత్రీకరణ ఒక చోట, పెట్టుబడి వ్యవహారాలు చూసే ప్రధాన కార్యాలయాలు న్యూయార్క్‌లో ఉండేవి. ఆ అధిపతుల్లో కొందరికి మొదట్లో రచయితలను తీసేయడం ఇష్టం లేకపోయినా, థియేటర్ల ముందు నిరసనలు జరుగుతాయన్న భయం, బ్యాంకర్లు వెనక్కి తగ్గుతారన్న భయం వారి నోరు నొక్కేశాయి. పాత డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో పనిచేసినవారు మీ సభకు వస్తే, ఈ భాగంలో వారికి మాట్లాడే అవకాశం ఇవ్వండి. వసూళ్ల భయం ఒక నిర్ణయాన్ని ఎలా మార్చేస్తుందో వారు చెప్పినంత బాగా పుస్తకాలు చెప్పలేవు.

విచారణను చదివి వినిపించండి

ట్రంబో కమిటీ ముందు నిలబడింది 1947 అక్టోబరు 28న. ఆ సంభాషణ రికార్డు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. దాన్ని ముందుగానే తెలుగులోకి తెచ్చుకుని, ఇద్దరు సభ్యులను కూర్చోబెట్టి, ఒకరు కమిటీ పక్షానా మరొకరు రచయిత పక్షానా పది నిమిషాలకు మించకుండా చదివించాలి. నటించవద్దని వారికి గట్టిగా చెప్పండి. గొంతు పెంచకుండా, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివితేనే దాని బరువు తెలుస్తుంది.

అనువాదంలో రెండు చోట్ల ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. మొదటిది, ట్రంబో తన స్క్రిప్టులను రికార్డులో చేర్చమని కమిటీకి ఇవ్వబోయిన ఘట్టం. వాటిలో దేశద్రోహం ఎక్కడుందో చూపించమన్నది ఆయన ఉద్దేశం. పేజీలు మరీ ఎక్కువగా ఉన్నాయంటూ అధ్యక్షుడు జె. పార్నెల్ థామస్ వాటిని స్వీకరించలేదు. సినిమాల ద్వారా ప్రచారం జరుగుతోందని విచారణ చేపట్టినవారు ఆ సినిమాల రాతప్రతులను చూడటానికే ఇష్టపడలేదన్న విషయం ఈ ఒక్క ఘట్టంలో బయటపడుతుంది. అక్కడ చదవడం ఆపి, ఒక స్క్రిప్టు కట్టను బల్ల మీద పెట్టి చూపించండి. ఏ సినిమా స్క్రిప్టు అయినా ఫరవాలేదు. సినిమా చూడటమే తప్ప స్క్రిప్టు ఎప్పుడూ చేత్తో పట్టుకోని శ్రోతలకు, ఒక రచయిత శ్రమ ఎంత మందంగా ఉంటుందో అప్పుడు కనిపిస్తుంది. రెండోది, తన పార్టీ సభ్యత్వానికి రుజువుగా కమిటీ వద్ద ఏ కార్డు ఉందో చూపించమని ఆయన అడిగిన ఘట్టం. దాన్ని ఆయనకు చూపించలేదు.

ఇక్కడ ఒక చట్టపరమైన విషయం కూడా చెప్పాలి, కాని క్లుప్తంగా. ఆ పదిమంది అమెరికా రాజ్యాంగంలోని వాక్‌స్వాతంత్ర్యానికి సంబంధించిన మొదటి సవరణను ఆధారం చేసుకున్నారు. తమకు తాముగా నేరాన్ని ఒప్పుకోనక్కర్లేదని చెప్పే ఐదో సవరణను ఉపయోగించుకుని ఉంటే జైలు తప్పేది, ఉద్యోగం మాత్రం దక్కేది కాదు. 1951లో మొదలైన రెండో విడత విచారణల్లో ఐదో సవరణను ఆశ్రయించినవారి గతి అదే అయింది. ఎనిమిది మందికి ఏడాది, ఇద్దరికి ఆరు నెలలు శిక్ష పడింది. ట్రంబో కెంటకీ రాష్ట్రంలోని ఆష్లాండ్ జైలులో ఉన్నాడు. విచారణ జరిపిన పార్నెల్ థామస్ కూడా జీతాల మోసం కేసులో శిక్ష పడి, లార్డ్‌నర్, లెస్టర్ కోల్ ఉన్న డాన్‌బరీ జైలుకే చేరాడు. ఈ సంగతి చెప్పగానే సభలో నవ్వులు వినిపిస్తాయి. అక్కడ ఆగిపోకుండా వెంటనే తర్వాతి భాగానికి వెళ్లండి, ఎందుకంటే అసలు కష్టం జైలు నుంచి విడుదలయ్యాకే మొదలైంది.

ఒక సినిమా, నాలుగు పేర్లు

కార్యక్రమంలో ఎక్కువ సమయం కేటాయించవలసిన భాగం ఇది. బ్లాక్‌లిస్టులో, అంటే స్టూడియోలు పని ఇవ్వకూడదనుకున్నవారి జాబితాలో, ఉన్న రచయిత రాయడం మానలేదు. తన పేరు లేకుండా, తక్కువ డబ్బుకు రాశాడు. మారుపేరుతో రాయడం ఒక పద్ధతి, బ్లాక్‌లిస్టులో లేని మరొక రచయిత తన పేరును ఎరువివ్వడం మరో పద్ధతి. బ్లాక్‌లిస్టుకు ముందు ట్రంబో హాలీవుడ్‌లో అత్యధిక పారితోషికం తీసుకునే రచయితల్లో ఒకడు. ఆ తర్వాత కింగ్ బ్రదర్స్ అనే చిన్న నిర్మాతలకు ‘గన్ క్రేజీ’ రాసినందుకు ఆయనకు ముట్టింది 3,750 డాలర్లు. ఎవరికీ చెప్పుకోలేని మనిషి దగ్గర బేరమాడటం ఎంత సులువో వేరే చెప్పనక్కర్లేదు. బహిష్కరణ వల్ల నష్టపోయినవారి గురించి అందరూ మాట్లాడతారు. దానివల్ల చౌకగా పని చేయించుకుని లాభపడ్డవారి గురించి కూడా మాట్లాడటం మీ బాధ్యత.

శ్రోతలందరికీ ఒక్కొక్క ఎ4 కాగితం ఇచ్చి అందులో ఐదు గడులు గీయించండి: సినిమా, నిజంగా రాసినవారు, తెరమీద పడ్డ పేరు, బహుమతి అందుకున్నవారు, అసలు పేరు తిరిగి వచ్చిన సంవత్సరం. మొదటి వరుసను మీరే నింపండి. 1953లో విడుదలైన ‘రోమన్ హాలిడే’ కథ ట్రంబోది. తెర మీద కథారచయితగా కనిపించిన పేరు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్. ఉత్తమ కథకు ఆస్కార్ కూడా హంటర్ పేరనే వచ్చింది. స్నేహితుడికి పేరిచ్చి, వచ్చిన డబ్బును ఆయనకు చేరవేసిన హంటర్ కూడా తర్వాత బ్లాక్‌లిస్టుకు ఎక్కాడు. ట్రంబో చనిపోయిన 17 ఏళ్లకు, 1993లో, అకాడమీ ఆ బహుమతిని ఆయన పేరన భార్య క్లియోకు అందజేసింది. రచయితల సంఘం ఆయనకు క్రెడిట్‌ను పునరుద్ధరించింది 2011లో. తొలి ప్రదర్శన నుంచి లెక్క వేస్తే 58 ఏళ్లు. ఈ లెక్కను శ్రోతల చేతనే వేయించండి.

రెండో వరుస ‘ది బ్రేవ్ వన్’. ఈ చిత్రానికి 1957 మార్చిలో ఉత్తమ కథకు ఆస్కార్ ప్రకటించినప్పుడు రాబర్ట్ రిచ్ అనే రచయిత రాలేదు, ఎందుకంటే అది ట్రంబో వాడిన మారుపేరు, ఆ పేరు గల రచయితే లేడు. ఆయన తరఫున జెస్సీ లాస్కీ జూనియర్ బహుమతి అందుకున్నాడు. ఆ రహస్యాన్ని ట్రంబో తెలివిగా వాడుకున్నాడు: పేరులేని రచయిత ఎవరై ఉంటారని పత్రికలవారు అడిగినప్పుడల్లా, అవుననీ కాదనీ చెప్పకుండా దాటవేస్తూ, బ్లాక్‌లిస్టు ఎంత నిరర్థకమో లోకానికి తెలిసేలా చేశాడు. 1959 జనవరిలో ఆ కథ తనదేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. విగ్రహం చేతికందింది 1975లో, ఆయన మరణానికి ఏడాది ముందు. మూడో వరుసలో ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ రాయించండి. మైకేల్ విల్సన్, కార్ల్ ఫోర్‌మన్ రాసిన ఆ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ మూల నవల రాసిన ఫ్రెంచి రచయిత పియెర్ బూల్‌కు దక్కింది. అకాడమీ ఆ తప్పును సరిదిద్దుకున్నది 1984లో.

సినిమా ప్రదర్శన విషయంలో ఒక మాట. ‘స్పార్టకస్’ మూడు గంటలకు పైగా ఉంటుంది, ‘రోమన్ హాలిడే’ దాదాపు రెండు గంటలు. రెండింటిలో ఏదీ మీ కార్యక్రమంలో పట్టదు. పైగా బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి కావాలి. అందుచేత వారం ముందే సభ్యులకు కబురు పంపి, ఇళ్లలో చూసి రమ్మనడం మేలు. 2015లో వచ్చిన ‘ట్రంబో’ చిత్రాన్ని చూసి వచ్చేవారు కూడా ఉంటారు. అందులోని ఆర్లెన్ హర్డ్ అనే రచయిత పాత్ర కొందరి జీవితాలను కలిపి కల్పించినదని వారికి ముందుగానే చెప్పాలి. అలాగే బ్లాక్‌లిస్టును ఎవరు బద్దలు కొట్టారన్న ప్రశ్నకు ఒకే పేరు చెప్పకండి. 1960 జనవరిలో దర్శకుడు ఆటో ప్రెమింజర్ ‘ఎక్సోడస్’ చిత్రానికి రచయిత ట్రంబో అని బహిరంగంగా ప్రకటించాడు. ట్రంబో పేరుతో ముందుగా తెరకెక్కింది మాత్రం అదే ఏడాది అక్టోబరులో విడుదలైన, కిర్క్ డగ్లస్ నిర్మించిన ‘స్పార్టకస్’. ఘనత ఎవరిదన్న వాదన ఆ కుటుంబాల మధ్య చాలాకాలం నడిచింది.

ఇబ్బందికరమైన ప్రశ్నలు

విజయవాడలో ఈ అంశంపై సభ పెడితే జీవితమంతా ఎర్రజెండా పట్టుకున్నవారూ వస్తారు, ఆ జెండా అంటే గిట్టనివారూ వస్తారు. వీళ్లు స్టాలిన్ సమర్థకులు కారా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నను దాటవేయడం మర్యాద కాదు. ట్రంబో 1943లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఆయన అమాయకంగా ఇరుక్కున్నాడని చెప్పడం ఆయన్ని కించపరచడమే. పార్టీ తన రచయితలను ఎలా చూసిందో కూడా చెప్పాలి. 1946లో ఆల్బర్ట్ మాల్ట్జ్, రచనను రాజకీయ ఉపయోగంతో మాత్రమే కొలవడం సరికాదని ఒక వామపక్ష పత్రికలో రాస్తే, తోటి సభ్యులే ఆయనపై విరుచుకుపడి, కొద్ది వారాల్లోనే ఆ మాట వెనక్కి తీసుకునేలా చేశారు. మరుసటి ఏడాది అదే మాల్ట్జ్ ప్రభుత్వ కమిటీ ముందు తలవంచకుండా నిలబడ్డాడు. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చెప్పండి. ఏది ముందో ఏది వెనకో శ్రోతలు తేల్చుకుంటారు.

ట్రంబో సొంత జీవితంలోని ఒక సంఘటన ఇంతకంటే కష్టమైనది. ఆయన యుద్ధ వ్యతిరేక నవల ‘జానీ గాట్ హిజ్ గన్’ 1939లో వెలువడింది. అమెరికా యుద్ధంలోకి దిగాక ఆ పుస్తకాన్ని తిరిగి వేయించమంటూ ఆయనకు ఉత్తరాలు వచ్చాయి, వాటిలో కొన్ని ఫాసిస్టు అనుకూలుర నుంచి. ట్రంబో ఎఫ్.బి.ఐ.కి కబురుపెట్టి ఆ ఉత్తరాల సంగతి తెలియజేశాడు. వచ్చిన అధికారులు ఆ ఉత్తరాలు రాసినవారి కంటే తన మీదే ఎక్కువ ఆసక్తి చూపుతున్నారని ఆయనకు తర్వాత అర్థమైంది. కమిటీ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పనన్నందుకు జైలుకెళ్లిన మనిషి జీవితంలో ఇది కూడా ఉంది. దీన్ని వదిలేస్తే, సభలో ఎవరో ఒకరు తర్వాత చదివి తెలుసుకుని, మీరు చెప్పిన మిగతా విషయాలను కూడా అనుమానిస్తారు.

పేర్లు చెప్పినవారి విషయంలో తీర్పు తొందరపడి ఇవ్వకండి. డిమిట్రిక్ శిక్ష అనుభవించాక, 1951లో కమిటీ ముందు తోటివారి పేర్లు చెప్పి మళ్లీ సినిమాలు తీశాడు. 1970లో రచయితల సంఘం తనను సత్కరించినప్పుడు ట్రంబో, ఆ కాలంలో వీరులనూ దుర్మార్గులనూ వెతకడం వృథా అనీ, అందరూ బాధితులేననీ అన్నాడు. మాల్ట్జ్ దాన్ని తీవ్రంగా ఖండించాడు: పేర్లు చెప్పినవాడినీ చెప్పక నష్టపోయినవాడినీ ఒకే గాటన కట్టడం అన్యాయమన్నది ఆయన వాదన. నేను మాల్ట్జ్ వైపే ఉంటాను. అయినా వక్తగా ఇద్దరి వాదనలనూ సమానమైన గొంతుతో వినిపించి, చర్చకు కనీసం అరగంట వదలడం అవసరం.

మన ఊరి సంగతి ఎక్కడ చేర్చాలి

చివరి పావుగంటకు మించి చేర్చవద్దు, కాని తప్పక చేర్చాలి. ఆంధ్రలో కమ్యూనిస్టు ఉద్యమానికి చెందిన కళాసంస్థ ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడింది; దాని నిర్మాణంలో ముఖ్యుడు గరికపాటి రాజారావు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం ఊరూరా ఆడి, చివరకు ప్రభుత్వ నిషేధానికి గురైంది. ప్రభుత్వ నిర్బంధ కాలంలో నాటక దళాలు చెదిరిపోయాక కళాకారుల్లో చాలామంది మద్రాసు చేరి సినిమాల్లో స్థిరపడ్డారు. రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రం తీశాడు. జమున, అల్లు రామలింగయ్య తెరకు పరిచయమైనది అందులోనే. అక్కడ సినిమా పరిశ్రమ తలుపులు మూస్తే ఇక్కడ నాటక వేదిక మూతపడినవారికి సినిమా తలుపు తెరుచుకుంది. ఈ పోలికలో ఉన్న తేడాను స్పష్టంగా చెప్పండి, రెండింటినీ ఒకటే అనవద్దు.

ఆ తరం కళాకారుల కుటుంబాలు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. వారిని సభకు పిలిచేముందు ఒకసారి ఇంటికి వెళ్లి కలవండి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటామని ముందే చెప్పి అనుమతి తీసుకోండి. పాత కరపత్రాలు, ఫొటోలు ఉంటే వాటిని అడిగి తీసుకుపోకుండా అక్కడే ఫొటో తీసుకుని తిరిగి వారి చేతిలోనే పెట్టండి. ఫలానావారు మాకు వేషం ఇవ్వలేదు, ఫలానావారు పోలీసులకు చెప్పారు అనే మాటలు వస్తాయి. అలాంటి పేర్లను రాతపూర్వకమైన ఆధారం లేకుండా సభలో చెప్పకూడదు. ఇన్నేళ్ల తర్వాత రుజువు లేని ఒక జాబితా మనమే తయారు చేస్తే, వాల్డార్ఫ్ హోటల్‌లో కూర్చున్నవారిని ప్రశ్నించే హక్కు మనకు ఉండదు.

సభ అయ్యాక శ్రోతలు నింపిన ఎ4 కాగితాలను సేకరించి, తప్పులు సరిచూసి, ఒక మంచి ప్రతిని తయారు చేసి మీరు కలుసుకునే గ్రంథాలయంలో ఉంచండి. వచ్చే నెల కూడా ఇదే అంశం కొనసాగించాలని సభ్యులు కోరితే, బ్లాక్‌లిస్టులో ఉన్నవారే కలిసి న్యూ మెక్సికో గని కార్మికుల సమ్మె మీద తీసి 1954లో విడుదల చేసిన ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ చిత్రాన్ని తీసుకోండి. పేరు దాచుకోకుండా పనిచేయడానికి వారు ఏం చెల్లించవలసి వచ్చిందో, ఆ చిత్రాన్ని వేయడానికి ఎన్ని థియేటర్లు నిరాకరించాయో చర్చించడానికి అందులో కావలసినంత సరుకు ఉంది.